భూషణం వెళ్లిపోయిన ఏడు

మొన్నామధ్య మోకాలు చూపించుకుందామని రాజమండ్రి వెళ్లి మా తమ్ముడి ఇంట్లో నాలుగు రోజులు ఉండిపోయాను. ఆదివారం సాయంత్రం తమ్ముడి కొడుకు కిరణ్ స్నేహితులు వచ్చారు. అందరూ ఒకే రంగు చొక్కాలు తొడుక్కున్నారు. కాస్త గాలి తగులుతుందని నన్నూ మేడ మీదకి తీసుకెళ్లి కుర్చీ వేశారు. అక్కడ మూతా చక్రాలూ ఉన్న నల్లటి ఇనప పొయ్యి ఒకటి పెట్టారు. బార్బెక్యూ అంటారట. బొగ్గులు సంచీలో కొనుక్కొచ్చారు. కోడిముక్కలు మసాలా పట్టించినవే దుకాణంలో దొరుకుతున్నాయట. ఇంత హడావుడి చేసినా ఎవరి మొహంలోనూ కళ లేదు. ఏమైందర్రా అని అడిగితే, వాళ్లు ప్రాణం పెట్టే ఏదో విదేశీ ఫుట్‌బాల్ జట్టులోంచి ఒక మిడ్‌ఫీల్డరు వెళ్లిపోతున్నాడని కిరణ్ చెప్పాడు. ఆ ఆటగాణ్ణి వాళ్లెవరూ ఎదురుగా చూసినవాళ్లు కాదు. అయినా ఇంట్లో మనిషి దూరమైనట్టే కూర్చున్నారు.

"వెళ్తే వెళ్లాడ్రా, వాడి బతుకు వాడిది," అన్నాడు పొయ్యి దగ్గర నిలబడ్డ కుర్రాడు. "వాడిదేలే. ముందే ఒక మాట చెప్పొచ్చుగా? ఫోన్లో చూసి తెలుసుకోవాలా మనం?" అన్నాడు ఇంకొకడు. వయసు మీద పడుతోంది, ఎక్కడ ఆడనిస్తే అక్కడికి పోతాడని కిరణ్ సర్దిచెప్పబోయాడు. పిట్టగోడని ఆనుకున్న పొడుగాటి అబ్బాయి, చేతిలో ముక్క చల్లారిపోతున్నా తినకుండా పట్టుకుని, "మనమేం తక్కువ చేశాంరా వాడికి?" అన్నాడు. ఈ మాట నేను చిన్నప్పుడు విన్నదే. ఇలాగే నిప్పుల పక్కన, ఇలాగే ఆదివారం సాయంత్రం, రైస్ మిల్లు సూరన్న నోట విన్నాను. ఆ అబ్బాయి గొంతులో ఉన్న బాధ కూడా అదే. కుర్రాళ్లు మాట్లాడుకుంటూనే ఉన్నారు గాని నేను మాత్రం అక్కడ లేను. నిడదవోలులో మా ఇంటి పెరట్లో ఉన్నాను.

మా ఇల్లు రైలుకట్టకి దగ్గర. ఆరేసిన బట్టల మీద ఇంజను మసి పడుతుందని అమ్మ రోజూ గొణుక్కునేది గాని, ఆ రైళ్లు లేకపోతే ఆవిడకి పొద్దు తెలిసేది కాదు. భీమవరం బండి కూత వినపడితే ఎసరు పెట్టేది. మధ్యాహ్నం గూడ్సు వెళ్లాక పిడకలు తిరగేసేది. నాన్నగారికి ఊరిబయట వరి చేలూ, నాలుగు కొబ్బరిచెట్లూ ఉండేవి. వ్యవసాయం ఆయన బతుకుతెరువు. ప్రాణం మాత్రం పట్టాల అవతలున్న మైదానంలో ఉండేది. మా ఊరి ఫుట్‌బాల్ జట్టు ఎక్కడ ఆడితే అక్కడికి వెళ్లేవారు. నాకు జడ వేసే ఓపిక అమ్మకి లేనప్పుడు, పిల్లని నేను తీసుకెళ్తానని నన్నూ సైకిలు మీద ఎక్కించుకుని వెళ్లేవారు. గట్టు మీద మగవాళ్ల మధ్య ఆడపిల్లని నేనొక్కదాన్నే. ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు. బాబుగారి అమ్మాయి అనేవారు, అంతే.

ఆట ఉన్న ఆదివారం మా పెరట్లో చీకులు కాల్చడం నాన్నగారు పెట్టిన ఆనవాయితీ. వారమంతా అమ్మ పచ్చడికి కొట్టిన కొబ్బరి చిప్పలన్నీ ఒక గంపలో పడేసి ఉంచేది. పశువుల పాకకి అవతల, నూతికి దూరంగా, ఇటుకలు పేర్చి నాన్నగారు ఆ చిప్పలు రాజేసేవారు. మాంసానికి పొద్దున్నే అల్లం, వెల్లుల్లి, కారం, పచ్చి బొప్పాయి తురుమూ పట్టించి మూతపెట్టేవారు. సైకిలు షాపులోంచి తెచ్చిన పాత చువ్వలకి ముక్కలు గుచ్చి, ఒక చేత్తో తాటాకు విసనకర్ర విసురుతూ రెండో చేత్తో తిప్పేవారు. వంటింట్లో మంచినీళ్లు కూడా ముంచుకోని మనిషి, ఆ నిప్పుల దగ్గరికి మాత్రం ఎవర్నీ రానిచ్చేవారు కాదు. కొవ్వు కరిగి నిప్పు మీద పడ్డప్పుడు లేచే వాసనా, కొబ్బరి చిప్ప పొగా, కోసిన నిమ్మకాయా, వీటన్నిటి వెనకాల రైలింజను బొగ్గు వాసనా. ఇప్పటికీ ఎక్కడైనా చిప్ప కాలితే నాకు ఆ వాసనలన్నీ ఒక్కసారే వస్తాయి. కార్తీకమాసంలో మామ్మ మాంసం గడప తొక్కనిచ్చేది కాదు. ఆ నెల్లాళ్లూ చిలగడదుంపలూ మొక్కజొన్న పొత్తులూ కాల్చేవారు. ఆటల ముచ్చట మాత్రం ఏ నెలా తగ్గేది కాదు.

మామ్మ అంటే నాన్నగారి తల్లి. చిన్నప్పుడెప్పుడో ఒక కంట్లో పువ్వేసింది. ఆ పక్కన ఏముందో చూడాలంటే కోడిలాగా మెడంతా తిప్పేది. పెరటి వసారాలో నులకమంచం మీద కూర్చుని దూది వత్తులు చేసుకుంటూ, ఇంట్లో జరిగేదంతా కనిపెట్టేది. తక్కువ మాట్లాడేది. మాట్లాడితే ఎదురు చెప్పేవాళ్లు లేరు.

భూషణం గారు మా మేడ మీద గదిలోకి అద్దెకి వచ్చింది ఆ రోజుల్లోనే. పలాస దగ్గర పల్లెటూరు. ఇంజను మీద బొగ్గు ఎగదోసే ఫైర్‌మన్‌గా పనిచేసేవారు. గది అడగడానికి వచ్చినప్పుడు ఆయన రేకు పెట్టెకి ఒక జత బూట్లు తాడుతో కట్టి ఉన్నాయి. నాన్నగారు వాటినే చూస్తూ, "బంతి ఆడతావా?" అన్నారు. "ఆడతానండి, సెంటర్ హాఫ్," అన్నారాయన. మిడ్‌ఫీల్డరనే మాట అప్పటికి మా ఊరు రాలేదు. మైదానం మధ్యలో నిలబడి వెనక్కీ ముందుకీ ఆట నడిపించేవాణ్ణి సెంటర్ హాఫ్ అనేవాళ్లం. నాన్నగారు ఇంకేమీ అడక్కుండా తాళంచెవి తెచ్చి ఇచ్చేశారు. అడగాల్సింది మామ్మ అడిగింది. మీరెవరు నాయనా అంటే ఆయన దాచకుండా తన కులం చెప్పారు. మామ్మ కాసేపు వత్తులు చేసుకుని, సరేలే అంది. మర్నాటి నుంచీ ఆయన కోసమని ఒక పళ్లెమూ ఒక గ్లాసూ నూతి గట్టు మీద వేరుగా ఉండేవి. ఏదిచ్చినా మామ్మ చేతికి అందించేది కాదు. గట్టు మీద పెట్టి పక్కకి తప్పుకునేది. నాన్నగారూ చూశారు, అమ్మా చూసింది, నేనూ చూశాను. ఎవరమూ ఏమీ అనలేదు.

ఆయన ఆట ఎలా ఉండేదో చెప్పడం నాకు కష్టం. పరుగు పెద్దగా ఉండేది కాదు. బంతి తన దగ్గరికి రాకముందే ఒకసారి మెడ అటూ ఇటూ తిప్పి మైదానమంతా చూసేసేవారు. ఆ తర్వాత బంతి మీద చూపు పెట్టనక్కర్లేదు. అది కాలికి తగిలీ తగలకముందే ఎవరికి చేరాలో వాళ్లకి చేరేది. "వీడికి నాలుగు పక్కలా కళ్లున్నాయిరా," అని సూరన్న గట్టు మీద గంతులేసేవాడు. సూరన్న మిల్లులో ఇంజను నడిపేవాడు. ఆ చప్పుడుకి అలవాటుపడి గుసగుస కూడా కేకలాగే పెట్టేవాడు. సూరన్న పక్కన మా హైస్కూలు లెక్కల మాస్టారు కూర్చునేవారు. మాంసం ముట్టని మనిషి. అయినా ప్రతి ఆదివారం మా పెరట్లోకొచ్చి, కాల్చిన చిలగడదుంప ఒకటి ఆకులో పెట్టుకుని, చీకులు తినేవాళ్లతో సమానంగా వాదించేవారు. నిప్పుల చుట్టూ ఉన్న వాళ్లలో మొదటి చువ్వ ఎప్పుడూ భూషణం గారిదే. నాన్నగారే ముక్కలు దూసి పళ్లెంలో వేసేవారు. ఆ పళ్లెం గట్టు మీది పళ్లెమే అని ఆ సాయంత్రాల్లో మాకెవరికీ గుర్తొచ్చేది కాదు. ఆయనకి గుర్తుండేదో ఏమో.

ఆ ఏడు ఎండలు తగ్గాక ఆట మొదలైంది గాని, ఏదో తేడా వచ్చింది. భూషణం గారు అన్ని బంతులూ కుడి పక్కకే ఇవ్వడం మొదలుపెట్టారు. ఎడమ పక్క చివర్న ఆడే లెఫ్ట్ అవుట్ కుర్రాడు చేతులెత్తి అరిచినా బంతి అటు వెళ్లేది కాదు. ఎదుటి జట్టువాడు ఎడమ నుంచి వచ్చి కాలి దగ్గర బంతి తన్నుకుపోతుంటే, అప్పుడే నిద్రలేచిన మనిషిలా ఉలిక్కిపడేవారు. కాకినాడ జట్టుతో పెద్ద ఆట మా మైదానంలోనే పడింది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి బళ్లు కట్టుకుని జనం వచ్చారు. ఓడిపోయాం. ఓడిన తీరు ఎవరికీ మింగుడుపడలేదు. పడ్డ గోల్సన్నీ ఆయన ఎడమ పక్క నుంచి వచ్చినవే. గట్టు మీద నుంచి ఎవరో మట్టిబెడ్డ విసిరారు. ఆయన భుజానికి తగిలింది. వెనక్కి తిరిగి చూడలేదు. ఆ సాయంత్రం మా పెరట్లో నిప్పు రాజెయ్యలేదు.

తర్వాత కొన్నాళ్లకి ఒక పొద్దున, డ్యూటీ దిగి వచ్చిన భూషణం గారు నూతి దగ్గర మొహం కడుక్కుంటున్నారు. నేను అరుగు మీద పుస్తకం పెట్టుకుని కూర్చున్నాను. మామ్మ గ్లాసుతో మజ్జిగ తెచ్చి, ఎప్పటిలాగే గట్టు మీద పెట్టి, తాగు నాయనా అంది. గ్లాసు ఆయనకి ఎడమ వైపు ఉంది. ఆయన కుడిపక్కంతా చూసి, ఎడమ చేత్తో తడుముకుంటే చెయ్యి తగిలి మజ్జిగంతా ఒలికిపోయింది. "చూసుకోలేదండి మామ్మగారూ," అని నొచ్చుకున్నారు. మామ్మ మళ్లీ గ్లాసు నింపి తెచ్చి, అదే చోట పెట్టి, ఈసారి అక్కడే నిలబడి చూసింది. ఆయన కోడిలాగా మెడంతా తిప్పి వెతికి గ్లాసు పట్టుకున్నారు. మామ్మ మెడ తిప్పే తీరు అచ్చంగా అదే.

"ఎన్నాళ్లయిందిరా నీకు ఇలా?" అంది మామ్మ.

"ఏదండి?"

"నన్ను అడుగుతావేంటి? చిన్నప్పట్నుంచీ నేను పడుతున్నదే. ఎడం కన్ను."

ఆయన మొహం మీద నీళ్లు తుడుచుకోవడం కూడా మరిచిపోయారు. "ఎండాకాలం నుంచండి. బొగ్గు నలకేమో అనుకున్నాను. మొన్న రాజమండ్రిలో చూపించుకుంటే, లోపల నరం ఎండిపోతోందన్నారు. ముందు ఇదట. రెండోది కూడా పోవచ్చన్నారండి."

"ఇంజను మీద సిగ్నల్ చూసేది ఎవరు?"

"డ్రైవరుగారు చూస్తారండి. నేనూ చూసి కేకెయ్యాలి."

"మరి చూస్తున్నావా?"

ఆయన గ్లాసు గట్టు మీద పెట్టేశారు. "మా నాన్న గ్యాంగులో పట్టాలు మోసీ మోసీ పోయాడండి. నేను ఇంజను నడుపుతుంటే చూడాలనుకున్నాడు. ఈ ఏడు నన్ను డ్రైవరు పరీక్షకి పిలుస్తారు మామ్మగారూ," అన్నారు.

"రైల్లో పిల్లలుంటారురా," అంది మామ్మ.

ఆయన తడి బండ మీద కూర్చుండిపోయారు. "చెప్పేస్తానండి. ఇవాళే ఆఫీసులో చెప్పేస్తాను. కానీ బాబుగారికి తెలియనివ్వకండి. సూరన్నగారికీ, మాస్టారికీ అసలే వద్దు," అన్నారు. ఎందుకని మామ్మ అడిగింది. "అమ్ముడుపోయాడని తిడితే పడతానండి. పాపం, గుడ్డివాడైపోయాడంటే పడలేను." మామ్మ వంగి గట్టు మీద గ్లాసు తీసి ఆయన చేతిలో పెట్టింది. వేళ్లు వేళ్లకి తగిలాయి. ఆ తర్వాత నా వైపు మెడ తిప్పి, "విన్నావుగా? నీ నోరు దాటకూడదు," అంది. దాటలేదు. ఆ రోజు నుంచి నూతి గట్టు మీద వేరే గ్లాసు కనపడలేదు. అది ఎటు పోయిందో అమ్మ కూడా అడగలేదు.

ఆయన చెప్పిన మాట ప్రకారం ఆఫీసుకి వెళ్లి చెప్పుకున్నారు. ఇంజను మీద నుంచి దింపేసి గుంతకల్లులో స్టోర్సులో పని ఇచ్చారు. నాన్నగారితో మాత్రం, "వెళ్లిపోతున్నానండి. ట్రాన్స్‌ఫర్ నేనే అడిగి తీసుకున్నాను," అన్నారు. అడిగి తీసుకున్నాడన్న మాట నాన్నగారికి ముల్లులా దిగింది. సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయింది. ఆ ఆదివారం ఆట లేకపోయినా, పిలవకుండానే సూరన్నా మాస్టారూ మా పెరట్లోకి వచ్చారు. నాన్నగారు ఇంకేం చెయ్యాలో తోచని మనిషిలా చిప్పలు రాజేశారు. మేడ మీద గదిలో దీపం వెలుగుతోంది. ఆయన లోపలే ఉన్నారని అందరికీ తెలుసు.

"కాకినాడోళ్లేనండి. ఆట నాడే కొనేసారు," అన్నాడు సూరన్న.

"కాకినాడవాళ్లు కొంటే గుంతకల్లు ఎందుకు వెళతాడయ్యా? ఆ దారి వేరు, ఈ దారి వేరు," అన్నారు మాస్టారు.

"అదంతా మన కళ్లు కప్పడానికండి. నాలుగు నెలలు అక్కడుంటాడు, ఆ తరవాత కాకినాడలో తేలతాడు. మీరే చూద్దురు గాని."

"అడిగి తీసుకున్నానన్నాడు మాస్టారూ," అన్నారు నాన్నగారు చువ్వ తిప్పుతూ. "పొమ్మంటే పోయాడంటే సరిపెట్టుకుంటాం. అడిగాడట. ఇక్కడ ఏం బాగోలేదని అడగాలి?"

మాస్టారు చిలగడదుంప తొక్క తీస్తూ, "మనిషికి పొట్ట ఉంటుంది, ఇల్లుంటుంది. ఆదివారం సాయంత్రం తప్ప మనకి అతనితో ఏం పని? మిగతా వారమంతా నిప్పు దగ్గర నిలబడి బొగ్గు ఎగదోస్తున్నాడు. ఎలా ఉన్నావయ్యా అని మనలో ఎవరైనా అడిగామా?" అన్నారు.

"అడగలేదా! మొదటి ముక్క ఆడి పళ్లెంలో పడ్డాకే కదండీ మనం తిన్నది? పండక్కి మా ఇంట్లో అరిసెలు ఆడికే ముందు పంపించాం. మనమేం తక్కువ చేసామండి ఆడికి?" అన్నాడు సూరన్న. అంత పెద్ద మనిషి ఏడుస్తాడేమో అనిపించింది. ఏడవలేక కోపం తెచ్చుకున్నాడు. లేచి నిలబడి మేడ వైపు తిరిగి, "లెఫ్టవుటు కుర్రోడు చేతులెత్తి మొత్తుకుంటే ఒక్క బంతి ఇచ్చాడా? కావాలనే ఇవ్వలేదండి. ఓడిపోడానికే ఆడాడు. అమ్ముడుపోయినోణ్ణి అమ్ముడుపోయినోడనే అంటాను!" అని అరిచాడు.

"సూరన్నా, ఆ మాట వద్దు," అన్నారు నాన్నగారు. అన్నారే గాని ఆయన గొంతులో బలం లేదు. లోపల ఆయనకీ ఆ అనుమానం ఉంది.

మామ్మ మంచం మీంచి, "నోట్లోది మింగి మాట్లాడు సూరన్నా, పొలమారుతుంది," అంది. అంతే. మాట ఇచ్చిన మనిషి. కానీ ఆవిడ చేతుల్లో వత్తి నలిగిపోయి దారంలా సాగిపోవడం నేను చూశాను. మేడ మీద దీపం ఆరిపోయింది. తలుపు వేసిన చప్పుడు మాత్రం రాలేదు. వింటూనే ఉన్నారని అర్థమైంది. ఆ ఆదివారం నాన్నగారు మొదటి చువ్వ ఎవరికీ తీసిపెట్టలేదు.

తర్వాత నాన్నగారు ఆయనతో మాట్లాడటం మానేశారు. ఎదురుపడితే తలవంచుకుని వెళ్లిపోయేవారు. భూషణం గారు వెళ్లే రోజు పెట్టె దింపుకుని, మామ్మకి దణ్ణం పెట్టి, అమ్మకి చెప్పి, నాన్నగారి గది ముందు కాసేపు నిలబడ్డారు. నాన్నగారు లోపల పడుకుని గోడవైపు తిరిగారు. ఆయన అలాగే స్టేషనుకి నడిచి వెళ్లిపోయారు. వీధి మలుపు దాటాక మామ్మ కర్ర పట్టుకుని నాన్నగారి మంచం దగ్గరికి వెళ్లింది.

"స్టేషనుకి వెళ్లు," అంది.

"నేను వెళ్లనమ్మా."

"వెళ్లి ఏమీ మాట్లాడకు. వాడి ఎడం పక్కన నిలబడు. చాలు. పిల్లని తోడు తీసుకెళ్లు."

ఆవిడ మాటకి ఎదురులేదు. నాన్నగారు కండువా వేసుకుని విసవిసా నడిచారు, నేను వెనకాల పరుగు. ప్లాట్‌ఫారం చివర్న భూషణం గారు పెట్టె కింద పెట్టుకుని ఒక్కరే నిలబడి ఉన్నారు. నాన్నగారు ఎడమ వైపు నుంచి వెళ్లి పక్కన నిలబడ్డారు. చెయ్యి చాపితే తగిలేంత దగ్గర. భూషణం గారు కదల్లేదు. కుడి వైపు, బండి వచ్చే దిక్కుకే చూస్తున్నారు. నాన్నగారు ముందు కోపంగా నిలబడ్డారు, పలకరించడేం అన్నట్టు. తర్వాత ఆశ్చర్యంగా చూశారు. తర్వాత మెల్లగా చెయ్యెత్తి ఆయన చెంప పక్కన ఆడించారు. ఆ మనిషి రెప్ప కూడా కదల్లేదు. నాన్నగారి మొహం ఆ క్షణంలో ఎలా మారిందో నేను చూశాను. ఆ ఏడు ఆడిన ఆటలన్నీ ఆయన కళ్లముందు మళ్లీ ఆడినట్టున్నాయి. కండువా నోటికి అడ్డం పెట్టుకున్నారు. అటుపైన వంగి పెట్టె ఎత్తారు.

చప్పుడుకి భూషణం గారు మెడంతా తిప్పారు. "బాబుగారా! ఎప్పుడొచ్చారండీ?"

"ఇప్పుడే."

"మామ్మగారు చెప్పేశారా?"

"లేదు. నీ పక్కన నిలబడమంది."

బండి వచ్చాక నాన్నగారు పెట్టెతో పాటు తానూ ఎక్కి, బోగీ అంతా కలియతిరిగి, ఎడమ పక్కన గోడ వచ్చే కిటికీ సీటు ఒకటి చూసి ఆయన్ని అక్కడ కూర్చోబెట్టారు. అటునుంచి ఎవరూ తెలియకుండా వచ్చి తగలకూడదని. బండి కదులుతుంటే భూషణం గారు కిటికీలోంచి, "సూరన్నగారికి చెప్పకండి," అన్నారు. "ఆయ్, చెప్పను," అన్నారు నాన్నగారు. ఇంటికొచ్చి మామ్మ మంచం పక్కన నేల మీద కూర్చున్నారు. ఆవిడ ఆయన తల మీద చెయ్యి వేసింది. నాన్నగారు చిన్నపిల్లాడిలా కూర్చోవడం నేను అదొక్కసారే చూశాను.

ఆ తర్వాత ఏళ్ల తరబడి సూరన్న తిట్టాడు. ఏ ఆట ఓడినా ఆ పేరే ఎత్తేవాడు. నాన్నగారు విసనకర్ర విసురుతూ వినేవారు. మేం పెరిగాం. బొగ్గింజన్లు పోయాయి. మామ్మ పోయింది. మైదానంలో సగం ఇళ్ల స్థలాలైపోయింది. గంపలో కొబ్బరి చిప్పలు పోగుపడుతుంటే అమ్మ నీళ్లు కాచుకోవడానికి వాడేసేది. నాన్నగారు ఆట చూడటం మానలేదు. కానీ ఎవరైనా ఒక ఆటగాణ్ణి చెడ్డగా ఆడాడంటే, "ఏమో, ఏం బాధలో ఉన్నాడో," అనేవారు. ఆ మాట విని కుర్రకారు నవ్వేవారు.

మేడ మీద కిరణ్ స్నేహితుల్ని చూస్తూ ఇదంతా తలుచుకున్నాను. అందులో ఒకడు ఫోన్లో ఆ ఆటగాడి గురించి ఏదో ఘాటుగా రాస్తున్నాడు. ఆ మాట సముద్రాలు దాటి ఆ మనిషికి చేరుతుందో లేదో. చేరినా అలాంటివి ఎన్ని వేలల్లో ఒకటో. మా పెరట్లో అన్న మాట మా ఇంటి మెట్లెక్కి పైనున్న మనిషి చెవిలో పడింది. తిట్టేవాడికీ తిట్లు తినేవాడికీ మధ్య ఒక నిచ్చెన మెట్లే దూరం. వెళ్లి పక్కన నిలబడాలంటే కూడా అంతే దూరం. ఇప్పటి పిల్లలకి ఆ వీలు లేదు. అలాగని ఆ రోజులే బంగారమని అననూ లేను. ఆ రోజుల్లోనే కదా నూతి గట్టు మీద వేరే పళ్లెం ఉన్నది? ఈ కుర్రాళ్లు ఎవరి ఇళ్ల నుంచి వచ్చారో నాకు తెలియదు, కిరణ్‌కీ తెలిసినట్టు లేదు. అందరూ ఒకే పళ్లెంలోంచి తింటున్నారు. "మీరేమంటారు ఆంటీ, వాడు వెళ్లడం తప్పా కాదా?" అని పొడుగాటి అబ్బాయి నన్ను అడిగాడు. నాకు తెలీదు నాన్నా, అన్నాను. నిజంగానే తెలీదు. ముందు తిను, చల్లారిపోతోందన్నాను.

సూరన్న సంగతి మిగిలిపోయింది. నాన్నగారు మంచాన పడ్డ కొత్తలో, గుంతకల్లు నుంచి వచ్చిన రైల్వే ఆయనొకరు భూషణం గారి కబురు చెప్పారు. రెండో కన్ను కూడా పోయిందట. రిటైరై భార్యతో అక్కడే ఉంటున్నారట. తనని ఎరిగినవాళ్లకి ఇక దాచిపెట్టనక్కర్లేదన్నారట. ఆ సాయంత్రమే నాన్నగారు సూరన్నని పిలిపించి అంతా చెప్పారు. సూరన్న అప్పటికి ముసలివాడైపోయాడు. విని నాన్నగారి మీదకే కోపంగా తిరిగి, "ఇన్నేళ్లూ నన్ను తిట్టనిచ్చారేంటండీ? నా నోరు ఒక్కరూ ముయ్యలేదేంటండీ?" అన్నాడు. అని అక్కడే, అరుగు మీదే, వెక్కి వెక్కి ఏడ్చాడు.

విజయవాడ దాటి ఎరగని మనిషి. ఆ వారమే ఆత్రేయపురం వెళ్లి పూతరేకులు కట్టించుకుని, ఎవర్నీ తోడు రమ్మనకుండా, ఆ ముసలితనంలో ఒక్కడే గుంతకల్లు రైలెక్కాడు. తిరిగొచ్చాక నేరుగా మా ఇంటికే వచ్చాడు. నేను అప్పుడు నాన్నగారిని చూడటానికి పుట్టింట్లోనే ఉన్నాను. ఏం జరిగిందని నాన్నగారు దిండుకి జారబడి అడిగారు.

"గుమ్మంలో నిలబడ్డానండి. ఏ మొహం పెట్టుకుని పిలవాలో తెలీలేదు. ఆడు వాలుకుర్చీలో కూచుని ఉన్నాడు, కళ్లు తెరిచే ఉన్నాయి. నోరు పెగల్లేదండి. మెల్లిగా, 'భూషణం' అన్నాను."

"ఏమన్నాడు?"

"'సూరన్నగారూ, గట్టిగా మాట్లాడండి. మెల్లిగా మాట్లాడితే ఇంకెవరో అనుకుంటాను' అన్నాడండి."

నాన్నగారు కళ్లు మూసుకున్నారు. "మరి మాట్లాడావా?"

"మాట్లాడకేంటండీ," అన్నాడు సూరన్న, తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ. "బండి టైమయ్యేదాకా అరుస్తానే ఉన్నాను."